కొత్త కాన్ఫరెన్స్‌లో ఎస్‌ఎంయూ: డాలస్ తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. ఆ ఇళ్ళలో హైస్కూలు పిల్లలు శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ చూసొచ్చి, శనివారం కాలేజీ మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటారు. పక్కన కూర్చున్న అమ్మానాన్నలకేమో సగం అర్థం కాదు. సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, అందరూ పిలిచే పేరుతో ఎస్‌ఎంయూ, 2024లో ఏసీసీలో చేరాక ఈ ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. ఇక్కడ ఫుట్‌బాల్ అన్నప్పుడల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అనే అర్థం.

ఏసీసీ అంటే సిమెంటు కంపెనీ కదా?

మన ఊళ్ళలో అదే. ఇక్కడ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, మయామీ, డ్యూక్, నార్త్ కరోలినా, వర్జీనియా లాంటి యూనివర్సిటీల కూటమి. 2024 వేసవిలో ఎస్‌ఎంయూతో పాటు కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కూడా వచ్చి చేరాయి. అట్లాంటిక్ పేరు పెట్టుకున్న కూటమిలో పసిఫిక్ ఒడ్డు బడులేమిటని నవ్వినవాళ్ళు చాలామందే. ఇప్పుడు ఫుట్‌బాల్‌లో 17 జట్లున్నాయి. నోటర్ డేమ్ మిగతా ఆటలు చాలావరకు ఇందులోనే ఆడుతుంది కానీ ఫుట్‌బాల్‌లో విడిగా ఉంటుంది.

కాన్ఫరెన్స్ మారడమంటే రంజీలో ప్లేట్ నుంచి ఎలీట్‌కు వెళ్ళడం లాంటిదా?

పైకి అలాగే కనిపిస్తుంది, లోపల లెక్క వేరు. హైదరాబాద్ 2022-23లో ఎలీట్‌లో అట్టడుగున నిలిచి ప్లేట్‌కు పడింది. మరుసటి ఏడాది ప్లేట్ గెలిచి పైకొచ్చింది. అక్కడ ఎక్కడం, దిగడం రెండూ ఆట మీదే. అమెరికాలో గెలిచినంత మాత్రాన ఎవరూ పైకి తీసుకుపోరు, ఓడినంత మాత్రాన కిందకు తొయ్యరు. కూటమిలో ఉన్న యూనివర్సిటీలు ఓటేసి పిలవాలి. ఎస్‌ఎంయూ విషయంలో 15 ఓట్లలో 12 కావాలి. క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా వద్దన్నాయి. నార్త్ కరోలినా స్టేట్ మనసు మార్చుకోవడంతో 2023 సెప్టెంబరు 1న లెక్క సరిపోయింది. 2023లో ఎస్‌ఎంయూ పాత కాన్ఫరెన్స్ ఫైనల్లో టులేన్‌ను 26-14తో ఓడించి కప్పు గెలిచింది, కానీ ఏసీసీ పిలుపు అప్పటికే వచ్చేసింది.

ఇన్నాళ్ళూ ఈ జట్టు ఎక్కడుంది?

టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం లాంటి దిగ్గజాలతో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉండేది. ఆటగాళ్ళకు రహస్యంగా డబ్బులిచ్చినందుకు 1987లో కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ ఆ సీజన్ మొత్తం రద్దు చేసింది. క్రీడాలోకం దాన్ని ఇప్పటికీ మరణశిక్ష అనే అంటుంది. 1988లో సొంతగడ్డ మీద ఆడే వీలు లేకపోవడంతో యూనివర్సిటీయే ఆ ఏడాది కూడా జట్టును దించలేదు. 1989లో కుర్రాళ్ళతో తిరిగొస్తే హ్యూస్టన్ చేతిలో 95-21తో ఓడింది. సీజన్ చివర మంచి జట్లను పిలిచి ఆడించే బౌల్ మ్యాచ్ 1984 తర్వాత మళ్ళీ ఆడింది 2009లోనే.

ఈలోగా 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సే చెదిరిపోయింది. ఎస్‌ఎంయూ డబ్ల్యూఏసీకి (వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్), 2005లో కాన్ఫరెన్స్ యూఎస్‌ఏకు, 2013లో అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌కు మారుతూ వచ్చింది. పెద్ద కూటమి గుమ్మంలోకి మళ్ళీ అడుగు పెట్టడానికి 28 ఏళ్ళు పట్టింది.

తొమ్మిదేళ్ళు టీవీ డబ్బు తీసుకోకుండా ఆడతామన్నారట, నిజమా?

నిజమే. ఏసీసీ టీవీ ఆదాయంలో తొమ్మిదేళ్ళ పాటు వాటా అడగమని ఒప్పుకునే చేరారు. అదే ఏడాది చేరిన స్టాన్‌ఫర్డ్, కాల్ మొదటి ఏడేళ్ళు 30 శాతం తీసుకుంటాయి. ఎస్‌ఎంయూకు ఆ మాత్రం కూడా లేదు. డాలస్‌లో నూనె, భూమి, బ్యాంకుల డబ్బున్న పూర్వ విద్యార్థులు ఎక్కువ. పిలుపు వచ్చిన వారంలోపే 10 కోట్ల డాలర్లు పోగుచేశారు. గుమ్మం దాటడానికి కట్టిన రుసుము అనుకోండి.

ఇది పిచ్చి బేరం అన్నవాళ్ళున్నారు. మా లెక్కలో కాదు. చిన్న కాన్ఫరెన్స్‌లో ఉండి ఎంత గెలిచినా పెద్ద ఆటగాడు ఇటు చూడడు. అతను అడిగే మొదటి ప్రశ్న, నేను ఎవరితో ఆడతాను అని.

పాత ప్రత్యర్థులకూ కొత్తవాళ్ళకూ అసలు తేడా ఎక్కడ తెలుస్తుంది?

బంతి పట్టుకుని పరిగెత్తేవాడి దగ్గర కాదు. ఎస్‌ఎంయూలో వేగం ఎప్పుడూ ఉంది. డాలస్ చుట్టుపక్కల హైస్కూళ్ళలో వేగానికి కరువు లేదు. తేడా మధ్యలో తెలుస్తుంది, లైన్ దగ్గర.

ప్రతి ఆటలో, అంటే బంతి కదిలే ప్రతి విడతలో, ఇటు ఐదుగురు, అటు నలుగురో ఐదుగురో బరువైనవాళ్ళు ఎదురెదురుగా వంగి నిలబడతారు. ఒక్కొక్కరు 300 పౌన్లు, అంటే 136 కిలోలు, అంతకన్నా ఎక్కువే. బంతి కదలగానే ఢీ. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు అరవై, డెబ్భైసార్లు ఇలా ఆడుతుంది. అటాకింగ్ లైన్‌లోని ఐదుగురు సాధారణంగా మ్యాచ్ మొత్తం మారరు. డిఫెన్స్ లైన్‌వాళ్ళు మాత్రం వంతులవారీగా మారుతూ ఉండాలి. అంత బరువుతో ప్రతిసారీ పూర్తి బలంతో తోసేవాడికి వరసగా ఐదారు ఆటలు ఆడేసరికి ఊపిరి అందదు.

చిన్న కాన్ఫరెన్స్‌లో ఇలాంటివాళ్ళు నలుగురుంటే ఏడాది గడిచిపోతుంది. ఏసీసీలో ఎనిమిది, తొమ్మిదిమంది కావాలి. వాళ్ళలో ఐదోవాడికీ మొదటివాడికీ పెద్ద తేడా ఉండకూడదు. కింద నుంచి కొత్తగా వచ్చే జట్లు మొదటి సగం బాగానే ఆడి, నాలుగో క్వార్టర్‌లో ఉన్నట్టుండి జారిపోవడం చూస్తుంటాం. టీవీలో అది ధైర్యం చాలనట్టు కనిపిస్తుంది. నిజానికి మూడో క్వార్టర్ చివరికే మధ్యలో ఉన్నవాడు లేచి నిలబడటానికి ఒక సెకను ఎక్కువ తీసుకుంటున్నాడు. ఆ సెకనులో ఎదుటివాడి రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, నాలుగు గజాలు తీసేస్తాడు. మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి, డిఫెన్స్‌లో మధ్యనున్నవాడి చేతులు నడుము మీదికి ఎప్పుడు వెళ్తున్నాయో గమనించండి.

ఆ లోటు ఎలా పూడ్చారు?

ఏసీసీలోకి అడుగు పెట్టకముందే పూడ్చారు. ఈ జట్టు గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇదేనని మా ఉద్దేశం. హైస్కూలు నుంచి వచ్చిన 18 ఏళ్ళ కుర్రాడు లైన్‌లో నిలబడేంత బలం పుంజుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఎస్‌ఎంయూ చేతిలో పది నెలలే ఉన్నాయి. అందుకని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి తయారైనవాళ్ళను తెచ్చుకుంది. కాలేజీ మారాలనుకునే ఆటగాడి పేరు ఆ పోర్టల్‌లో చేరిందంటే మిగతా కాలేజీలు అతనితో మాట్లాడొచ్చు.

డిఫెన్స్ లైన్‌మన్ ఎలైజా రాబర్ట్స్ 2023లోనే మయామీ నుంచి వచ్చాడు. 2024కి అదే మయామీ నుంచి జఫారీ హార్వీ, జారెడ్ హ్యారిసన్-హంట్, ఒహాయో స్టేట్ నుంచి ఒమారీ అబోర్ వచ్చారు. మయామీలో రిసీవర్‌గా (పాస్‌లు అందుకునేవాడిగా) ఆడిన బ్రషార్డ్ స్మిత్‌ను ఇక్కడ రన్నింగ్ బ్యాక్‌ను చేశారు. ఆ ఏడాది జట్టు పరుగుల భారం చాలావరకు అతనిదే. మయామీ పేరు పదేపదే వస్తోందంటే వింత లేదు. హెడ్ కోచ్ రెట్ లాష్లీ అంతకుముందు 2020, 2021లో అక్కడ అఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే దాడి వ్యూహం చూసే కోచ్.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పోర్టల్‌లో దొరికేవాళ్ళు చాలావరకు ఒకటి రెండేళ్ళే ఉంటారు. గోడ కట్టినట్టు కాదు, టెంటు వేసినట్టు. ప్రతి శీతాకాలం మళ్ళీ వెయ్యాలి.

మొదటి ఏడాదే కాన్ఫరెన్స్‌లో 8-0, అంటే ఎనిమిది గెలుపులు, ఓటమి లేదు. షెడ్యూల్ తేలిగ్గా పడిందా?

కొంత నిజం ఉంది, దాచేది లేదు. సొంతగడ్డ మీద ఫ్లోరిడా స్టేట్, పిట్ (పిట్స్‌బర్గ్), బోస్టన్ కాలేజీ, కాల్. బయట లూయీవిల్, స్టాన్‌ఫర్డ్, డ్యూక్, వర్జీనియా. లీగ్ దశలో క్లెమ్సన్, మయామీ ఎదురుపడలేదు. ఫ్లోరిడా స్టేట్ పేరుకు పెద్దదే అయినా ఆ ఏడాది కుప్పకూలింది.

కానీ ర్యాంకుల్లో ఉన్న లూయీవిల్‌ను వాళ్ళ ఊళ్ళో 34-27తో, అప్పటిదాకా ఓడని పిట్‌ను 48-25తో ఓడించడం తేలిక కాదు. అంతకన్నా ముఖ్యమైన మలుపు ఓడిపోయిన మ్యాచ్‌లో ఉంది. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు ముందు బీవైయూతో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) 18-15తో ఓడారు. ఆ 15 పాయింట్లూ ఐదు ఫీల్డ్ గోల్స్, అంటే స్తంభాల మధ్యకు తన్నే మూడేసి పాయింట్ల కిక్కులు. బంతిని మైదానం చివరి పట్టీ అయిన ఎండ్ జోన్‌లోకి చేర్చే టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. అప్పటిదాకా ప్రెస్టన్ స్టోన్, కెవిన్ జెన్నింగ్స్ అనే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను (బంతి విసురుతూ దాడిని నడిపేవాళ్ళను) మార్చి మార్చి ఆడించారు. ఇద్దరు వంటవాళ్ళున్న పెళ్ళిలో సాంబారు సంగతి తెలిసిందే. ఆ తర్వాత జెన్నింగ్స్‌కే పగ్గాలిచ్చారు. అతను డాలస్ కుర్రాడే, సౌత్ ఓక్ క్లిఫ్ హైస్కూలుకు రాష్ట్ర చాంపియన్‌షిప్ తెచ్చినవాడు. వెంటనే పొరుగున ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 66 పాయింట్లు వచ్చాయి.

బంతి ఆరుసార్లు పోగొట్టుకుని కూడా గెలిచారంటారు. ఎలా సాధ్యం?

2024 అక్టోబరు 26, డ్యూక్ మైదానం. ఎస్‌ఎంయూ ఆరుసార్లు బంతి పోగొట్టుకుంది, డ్యూక్ ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. మామూలుగా రెండు ఎక్కువ పోగొట్టుకుంటేనే మ్యాచ్ చేజారినట్టు. స్కోరు 21-21 దగ్గర ఉండగా ఆఖరి క్షణంలో డ్యూక్ 30 గజాల ఫీల్డ్ గోల్‌కు సిద్ధమైంది. కాలేజీ కిక్కర్లకు అది రోజూ సాధనలో కొట్టే దూరం. హార్వీ చెయ్యి పైకెత్తి బంతిని ఆపేశాడు. ఓవర్‌టైమ్‌లో ఎస్‌ఎంయూ ముందు టచ్‌డౌన్, దాని మీద ఒక పాయింటు చేసింది. డ్యూక్ కూడా టచ్‌డౌన్ చేసింది కానీ ఒక పాయింటుతో సమం చెయ్యకుండా రెండు పాయింట్ల కోసం పోయి తప్పింది. 28-27.

దీన్ని అదృష్టమని కొట్టెయ్యకండి. బంతి ఆరుసార్లు చేతికి వచ్చినా డ్యూక్ 21 దాటలేకపోయిందంటే, ప్రతిసారీ ఎస్‌ఎంయూ డిఫెన్స్ లైన్ కొత్త ఊపిరితో వచ్చి నిలబడింది. పైన చెప్పిన ఎనిమిది తొమ్మిదిమంది లెక్క ఇలాంటి రాత్రికే. డ్యూక్ కిక్‌ను ఆపిన చెయ్యి కూడా పోర్టల్ ద్వారా వచ్చిందే.

క్లెమ్సన్‌తో ఫైనల్లో చివరి 16 సెకన్లలో ఏం జరిగింది?

2024 డిసెంబరు 7, షార్లట్. ఎస్‌ఎంయూ మొదటి అవకాశంలోనే బంతి పోగొట్టుకుంది, కాసేపటికే 14-0తో వెనకబడింది. విరామానికి 24-7. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి 31-14. అక్కడి నుంచి పుంజుకుని, గడియారంలో 16 సెకన్లుండగా రోడ్రిక్ డేనియల్స్ పట్టిన టచ్‌డౌన్‌తో 31-31 చేశారు.

తర్వాతి కిక్‌ఆఫ్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. బంతి ఎండ్ జోన్‌లోకి వెళ్ళి ఆగితే ఆ ఏటి నియమం ప్రకారం క్లెమ్సన్ తన 25 గజాల గీత దగ్గర మొదలుపెట్టాలి. ఆడం ర్యాండల్ దాన్ని పట్టుకుని 41 గజాలు పరిగెత్తి 45 దగ్గరికి తెచ్చాడు. అంటే 20 గజాలు ఉచితంగా వచ్చాయి. క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ క్లబ్‌నిక్ 17 గజాల పాస్ ఒకటి వేశాడు, బంతి ఎస్‌ఎంయూ 38 గజాల గీతకు చేరింది. ఫీల్డ్ గోల్ దూరం లెక్క ఇలా కట్టాలి: గీత అంకె 38, ఎండ్ జోన్ లోతు 10, కిక్కర్ వెనక్కి నిలబడే దూరం 8. మొత్తం 56. మొదటి ఏడాది కుర్రాడు నోలన్ హాసర్ సమయం అయిపోతుండగా దాన్ని కొట్టాడు, 34-31. ఆ 20 గజాలు రాకపోతే అదే పాస్ తర్వాత దూరం 76 అయ్యేది, ప్రయత్నించే ప్రశ్నే లేదు.

కొత్త జట్లకు కిక్‌ఆఫ్ కవరేజీ (కిక్ అందుకుని పరిగెత్తేవాణ్ణి ఆపే పని) ఇలా పగ తీర్చుకోవడం మామూలే. అందులో ఆడేది ఎక్కువగా రెండో, మూడో వరస కుర్రాళ్ళు. జట్టు లోతు ఎంతో తేలేది వాళ్ళ దగ్గరే.

అయినా ప్లేఆఫ్‌కు ఎలా తీసుకున్నారు? పెన్ స్టేట్‌తో అంత ఘోరంగా ఎందుకు ఓడారు?

జాతీయ చాంపియన్‌ను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌కు అదే మొదటి ఏడాది. అప్పటి నియమం ప్రకారం ర్యాంకుల్లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు చోటు ఖాయం, మిగతా ఏడింటిని కమిటీ ఎంచేది. మూడు ఓటములున్న అలబామాను పక్కనబెట్టి, ఫైనల్లో ఆఖరి బంతికి ఓడిన ఎస్‌ఎంయూకు 11వ స్థానం ఇచ్చారు.

డిసెంబరు 21న పెన్ స్టేట్ మైదానం, లక్షకు పైగా జనం, గడ్డకట్టే చలి. మొదటి సగంలో జెన్నింగ్స్ వేసిన రెండు పాస్‌లు ఎదుటివాళ్ళ చేతిలో పడి నేరుగా టచ్‌డౌన్లయ్యాయి. విరామానికి 28-0, చివరికి 38-10. చలి మీద నెట్టేవాళ్ళున్నారు. మేం ఒప్పుకోం. పెన్ స్టేట్ లైన్ ఒత్తిడికి పాస్ కాస్త తొందరగా వెళ్ళిపోయింది, పొరపాట్లు అక్కడి నుంచి పుట్టాయి. డ్యూక్ లాంటి జట్టు ఆరు పొరపాట్లను క్షమించింది, పెన్ స్టేట్ రెండిటికే శిక్ష వేసింది.

రెండో ఏడాది, 2025లో?

రెగ్యులర్ సీజన్‌లో మొత్తం 8-4, కాన్ఫరెన్స్‌లో 6-2. ఈసారి క్లెమ్సన్, మయామీ ఇద్దరూ ఎదురుపడ్డారు, ఇద్దరినీ ఓడించారు. క్లెమ్సన్‌ను వాళ్ళ ఊళ్ళోనే 35-24తో. అయితే ఆ రోజు క్లెమ్సన్ మొదటి క్వార్టర్‌బ్యాక్ ఆడలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. మయామీని నవంబరు 1న డాలస్‌లో ఓవర్‌టైమ్‌లో 26-20తో గెలిచారు, జనం మైదానంలోకి దూకేశారు.

పోయినవి చూడండి. వేక్ ఫారెస్ట్ చేతిలో 13-12. చివరి మ్యాచ్‌లో కాల్ చేతిలో 38-35. కాల్‌ను గెలిచి ఉంటే మళ్ళీ ఫైనల్ ఆడేవాళ్ళు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. పెద్దవాళ్ళ మీద గెలిచి మధ్యతరగతి జట్ల దగ్గర జారడం ఈ కూటమిలో కొత్తగా వచ్చినవాళ్ళకు రెండో ఏడాది ఎదురయ్యే పరీక్ష. మొదటి ఏడాది ఎదుటివాళ్ళ దగ్గర మీ వీడియో తక్కువ. రెండో ఏడాది మీ ప్రతి ఆటకూ వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది.

టై అయితే ఫైనల్‌కు ఎవరు వెళ్తారు?

ఏసీసీలో డివిజన్లు లేవు, మొదటి రెండు స్థానాలవాళ్ళే ఫైనలాడతారు. 2025 నియమాల ప్రకారం గెలుపు ఓటములు సమానమైతే ముందు పరస్పరం ఆడిన మ్యాచ్, తర్వాత ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఫలితాలు, అక్కడా తేలకపోతే మీరు ఆడిన కాన్ఫరెన్స్ ప్రత్యర్థుల మొత్తం గెలుపు శాతం. 2025లో 6-2 దగ్గర ఐదు జట్లు గుమిగూడితే ఈ ఆఖరి లెక్కతో డ్యూక్ ఫైనల్‌కు వెళ్ళి కప్పే గెలిచింది. అప్పటికి డ్యూక్ మొత్తం మీద 7-5. మీరు ఎంత బాగా ఆడినా, మీ చేతిలో ఓడినవాళ్ళు మిగతావాళ్ళను గెలవకపోతే మీకే నష్టం.

ప్రయాణాలు అంత పెద్ద సమస్యా?

ఫుట్‌బాల్‌కు కాదు. బయట ఆడేవి ఏడాదికి నాలుగో ఐదో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, శుక్రవారం చార్టర్ విమానం, శనివారం రాత్రికి తిరుగుముఖం. డాలస్ దేశం మధ్యలో ఉండటం కలిసొచ్చింది. ఇక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ వైపు సుమారు 1,450 మైళ్ళు, బోస్టన్ వైపు సుమారు 1,550. ఎటు వెళ్ళినా గడియారం తేడా రెండు గంటలు మించదు. అదే స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళు తూర్పుకు వెళ్తే మూడు గంటలు, మధ్యాహ్నం 12 మ్యాచ్ వాళ్ళ ఒంటికి ఉదయం 9.

అసలు దెబ్బ వాలీబాల్, సాకర్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు. వాళ్ళకు వారం మధ్యలో కూడా మ్యాచ్‌లుంటాయి, పరీక్షలూ ఉంటాయి. పిల్లలను ఏదైనా ఆటలో ఇలాంటి బడికి పంపాలనుకునే తల్లిదండ్రులు కోచ్‌ను స్కాలర్‌షిప్‌తో పాటు ఇంకోటి కూడా అడగాలి: పోయిన సీజన్‌లో సెమిస్టరు మధ్యలో ఎన్ని తరగతి రోజులు పోయాయి? సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి సాధన ఉండకూడదని ఎన్‌సీఏఏ నియమం. విమానంలో గడిపే గంటలు ఆ లెక్కలోకి రావు.

బాస్కెట్‌బాల్‌లో ఎలా ఉంది?

2024-25లో కొత్త కోచ్ ఆండీ ఎన్‌ఫీల్డ్ కింద పురుషుల జట్టు ఏసీసీలో 13-7తో ముగించింది, అంకె చూస్తే బాగుంది. కానీ డ్యూక్ ఎస్‌ఎంయూ సొంత మైదానం మూడీ కొలీజియంకు వచ్చినప్పుడు 89-62తో గెలిచి వెళ్ళింది. ఫుట్‌బాల్‌లో తోసుకుని పైమెట్టు దాకా వెళ్ళొచ్చు, ఏసీసీ బాస్కెట్‌బాల్‌లో పైమెట్టు ఇంకా చాలా ఎత్తులో ఉంది.

ఏడాది షెడ్యూల్ వచ్చినప్పుడు ఎంత కష్టమో ఎలా అంచనా వెయ్యాలి?

ప్రత్యర్థుల పేర్లు చూసి కాదు. ముందు బై వీక్, అంటే మ్యాచ్ లేని వారం, ఎక్కడుందో చూడండి. అక్టోబరు మధ్యలో ఉంటే మంచిది, మొదట్లోనే అయిపోతే నవంబరుకు గాయాలు పేరుకుంటాయి. తర్వాత ప్రతి ప్రత్యర్థికీ మీ మ్యాచ్‌కు ముందు వారం ఖాళీ ఉందా అని చూడండి. రెండు వారాలు మీ వీడియో చూసి వచ్చినవాడు వేరు. వరసగా రెండు మ్యాచ్‌లు బయట ఉన్నాయా, శుక్రవారం మ్యాచ్ ఉందా చూడండి. శుక్రవారం ఉంటే సాధనకు ఒక రోజు తగ్గినట్టే, పోయేది సాధారణంగా పూర్తి ప్యాడ్లతో ఆడే రోజు. చివరిగా, ప్రత్యర్థి అటాకింగ్ లైన్‌లో పోయినేటి నుంచి ఎంతమంది మిగిలారో వెతకండి. నలుగురు, ఐదుగురు ఉంటే ర్యాంకు లేకపోయినా ఆ జట్టుతో జాగ్రత్త.

2026 నుంచి ఏం మారుతోంది?

ఏసీసీ ఎనిమిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల నుంచి తొమ్మిదికి మారుతోంది. 17 జట్లకు తలా తొమ్మిదంటే 153. మ్యాచ్‌కు ఇద్దరు కాబట్టి ఆ బేసి అంకె సగానికి తెగదు, అందుకే అందరికీ తొమ్మిది కుదరదు. పోర్టల్ కూడా ఇక జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కసారే తెరుస్తారు. వసంతంలో మిగిలిన ఖాళీలు పూడ్చుకునే వీలు పోయింది. ఆటగాళ్ళ సంఖ్యకు 105 పరిమితి 2025లోనే వచ్చింది, యూనివర్సిటీలు నేరుగా ఆటగాళ్ళకు డబ్బు చెల్లించడమూ అప్పుడే మొదలైంది. మొదటి ఏడాది గరిష్ఠం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. టీవీ వాటా లేని ఎస్‌ఎంయూకు ఆ సొమ్ము దాతల నుంచే రావాలి.

టీసీయూతో మ్యాచ్ ఇక ఉండదా?

ఇప్పటికి ఉండదు. ఫోర్ట్‌వర్త్ పొరుగువాళ్ళతో ఇనప పెనం కోసం ఆడే ఆ పోటీ 2025తో ఆగింది. చివరిసారి పెనం టీసీయూ ఇంటికే వెళ్ళింది, 35-24. పొరుగువాడితో గొడవ లేని ఊరు ఊరేనా అని మాకు బెంగగానే ఉంది.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు ఏ టైముకు చూడాలి?

డాలస్‌లో శనివారం రాత్రి 7 గంటల మ్యాచ్ హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 5:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పాక అదే మ్యాచ్ 6:30కు. ప్రకటనల్లో వేసే టైము తరచుగా తూర్పు తీరానిది, డాలస్‌కు అందులోంచి గంట తీసెయ్యాలి. ఇక్కడ తప్పు లెక్కేసి మొదటి క్వార్టర్ పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. మ్యాచ్ మూడున్నర గంటలు పడుతుంది. అమెరికాలో ఈఎస్‌పీఎన్, ఏసీసీ నెట్‌వర్క్, సీడబ్ల్యూ చానెళ్ళలో వస్తాయి. చాలా మ్యాచ్‌ల టైము పన్నెండు రోజుల ముందు వరకు ఖరారు కాదు, విమానం టికెట్లు ఆ లెక్కన కొనండి.

స్టేడియంకు మొదటిసారి వెళ్తున్నాం. ఏం చూసుకోవాలి?

జెరాల్డ్ జె. ఫోర్డ్ స్టేడియం క్యాంపస్‌లోనే ఉంది, సుమారు 32,000 సీట్లు. కారు తీసుకెళ్ళకండి, యూనివర్సిటీ పార్కు వీధుల్లో పార్కింగ్ దొరకదు, దొరికినా జరిమానా పడుతుంది. డార్ట్ రైలు రెడ్, బ్లూ, ఆరెంజ్ లైన్లు మూడూ మాకింగ్‌బర్డ్ స్టేషన్‌లో ఆగుతాయి. ప్లేనో నుంచి రెడ్, అర్వింగ్ నుంచి ఆరెంజ్ ఎక్కండి. స్టేషన్ నుంచి 75 హైవే దాటి పదిహేను, ఇరవై నిమిషాల నడక. లోపలికి పారదర్శకమైన సంచే తీసుకెళ్ళాలి, మామూలు హ్యాండ్‌బ్యాగు గేటు దగ్గరే ఆపేస్తారు.

రెండు గంటలు ముందే చేరితే బిషప్ బులవార్డ్ మీద గుడారాల కింద జరిగే జాతర చూడొచ్చు. సెప్టెంబరు మధ్యాహ్నం మ్యాచ్ అయితే పడమటి వైపు సీట్లు కొనండి, నీడ అటే ముందు వస్తుంది. పిల్లలుంటే సీటు కింది వరసల్లో తీసుకోండి. ఎస్‌ఎంయూ పాయింట్లు చేసినప్పుడల్లా పెరూనా అనే పొట్టి నల్ల గుర్రం మైదానానికి అడ్డంగా పరిగెత్తుతుంది, పై వరసల నుంచి అది కుక్కపిల్లంతే కనిపిస్తుంది.